నక్షత్రాల దూరం చెప్పిన వైను బప్పు

మా హాస్టలు వార్షికోత్సవ సంచికలో ప్రతి ఏడూ ఒక మహనీయుని జీవిత చరిత్ర వేయడం ఆనవాయితీగా వస్తోంది. అంబేద్కర్ గారు, ఫూలే దంపతులు, జాషువా గారు, కాటన్ దొర, వీరందరి గురించి మా సీనియర్ అన్నయ్యలు ఇంతకు ముందే రాసేశారు. ఈ ఏడు సైన్సులో పేరు తెచ్చుకున్న వారిని ఒకరిని తీసుకోవాలని మేము అనుకున్నాం. సైన్సు అనగానే అందరూ సి.వి. రామన్ గారి పేరు చెప్పారు. ఆయన సంగతి మన పాఠ్యపుస్తకాల్లోనే ఉంది. అందుకని హైదరాబాదులో పెరిగి, అక్కడే చదువుకుని, ప్రపంచంలోని ఖగోళ శాస్త్రజ్ఞులందరి సంఘానికి అధ్యక్షుడైన వైను బప్పు గారిని ఎంచుకున్నాం.

ఆయన్నే ఎంచుకోవడానికి ఒక కారణం ఉంది. 2015 సెప్టెంబరు 14న, మన టైము ప్రకారం మధ్యాహ్నం మూడు గంటల ఇరవై నిమిషాలప్పుడు, అమెరికాలోని రెండు కేంద్రాల్లో గురుత్వ తరంగాలు మొట్టమొదటిసారిగా యంత్రాలకు చిక్కాయి. రెండు కృష్ణబిలాలు ఒకదాని చుట్టూ ఒకటి తిరిగి తిరిగి చివరకు ఢీకొని కలిసిపోయినప్పుడు పుట్టిన తరంగాలవి. అది సుమారు 130 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో జరిగిందని శాస్త్రజ్ఞులు చెప్పారు. స్టడీ అవర్‌లో ఈ సంగతి చదువుకుంటున్నప్పుడు మా అందరికీ వచ్చిన అనుమానం ఒకటే. టేపు పట్టి కొలవలేని దూరాన్ని, కంటికి కనబడని చోటును, 130 కోట్లు అని ఎలా చెప్పగలిగారు? ఆ జవాబు కోసం వెతుకుతూ పోతుంటే దారిలో మాకు బప్పు గారు కనిపించారు.

ఆయన పూర్తి పేరు మనాలి కల్లాట్ వైను బప్పు. 1927 ఆగస్టు 10న మద్రాసులో జన్మించారు. వారి కుటుంబం కేరళలోని తలస్సేరి ప్రాంతానిది. అయితే తండ్రి గారు హైదరాబాదులోని నిజామియా వేధశాలలో ఉద్యోగం చేసేవారు కాబట్టి బాల్యమంతా హైదరాబాదులోనే గడిచింది. వేధశాల అంటే టెలిస్కోపులు పెట్టి ఆకాశాన్ని పరిశీలించే చోటు. మిగతా పిల్లలు బొమ్మలతో ఆడుకునే వయసులో ఆయనకు టెలిస్కోపు ఇంట్లో వస్తువులాగా అయిపోయింది.

ఈ నిజామియా వేధశాల గురించి రెండు మాటలు చెప్పాలి, ఎందుకంటే మన తెలుగునాట ఇంత పెద్ద పని జరిగిందని మాలో ఎవరికీ తెలియదు. నవాబ్ జఫర్ జంగ్ అనే ఆయన 1901లో ఇంగ్లండు నుంచి 15 అంగుళాల టెలిస్కోపు తెప్పించి హైదరాబాదులో దీన్ని నెలకొల్పారు. ఆయన పోయాక నిజాం ప్రభుత్వం తీసుకుని బేగంపేటకు మార్చింది. ఆకాశం మొత్తాన్ని వాటాలు వేసుకుని ఫొటోలు తీసి నక్షత్రాల పట్టిక తయారు చేయాలని అప్పట్లో ప్రపంచ దేశాల వేధశాలలు ఒప్పందం చేసుకున్నాయి. అందులో కొంత భాగం హైదరాబాదు వంతుకు వచ్చింది. కంప్యూటర్లు లేని కాలం. గాజు పలకల మీద పడిన చుక్కలను ఒక్కొక్కటిగా కొలిచి, చేత్తో రాసి, ఏడు లక్షలకు పైగా నక్షత్రాల స్థానాలు లెక్క కట్టారు. ఆ లెక్కలు చేసిన వారి పేర్లు ఏ జనరల్ నాలెడ్జి పుస్తకంలోనూ ఉండవు. బప్పు గారు పెరిగింది అటువంటి ఓపికస్తుల మధ్య.

ఆయన నిజాం కాలేజీలో భౌతికశాస్త్రం చదివి మద్రాసు విశ్వవిద్యాలయం ఎం.ఎస్సీ. పట్టా పొందారు. చదువుకుంటూనే, వెలుగు పెరుగుతూ తగ్గుతూ ఉండే చరతారలను పరిశీలించి పరిశోధనా వ్యాసాలు ప్రచురించారు. అమెరికాలోని హార్వర్డ్ వేధశాలకు అధిపతిగా ఉన్న హార్లో షాప్లీ మన దేశానికి వచ్చినప్పుడు ఆయనను కలుసుకునే అవకాశం బప్పు గారికి దొరికింది. తర్వాత హైదరాబాదు ప్రభుత్వం ఇచ్చిన స్కాలర్‌షిప్పుతో 1949లో హార్వర్డుకు వెళ్ళారు. హైదరాబాదు రాజ్యం భారత యూనియన్‌లో కలిసి అప్పటికి ఏడాది కూడా కాలేదు. స్కాలర్‌షిప్పు అనే మాట మా హాస్టల్లో ప్రతి నెలా వినబడే మాటే. అది ఆలస్యమైతే ఏమవుతుందో మాకు తెలుసు. అందుకే ఆయన జీవితంలో ఈ ఘట్టం దగ్గర మేము కాసేపు ఆగాం.

వెళ్ళిన కొద్ది నెలలకే ఒక విశేషం జరిగింది. 1949 జూలై 2న రాత్రి ఆకాశాన్ని ఫొటో తీసిన పలకను పరిశీలిస్తుంటే ఒక చోట చిన్న మసక గీత కనిపించింది. నక్షత్రమైతే చుక్కలా ఉండాలి, గీతలా ఉండకూడదు. చివరికి అది అంతవరకూ ఎవరికీ తెలియని తోకచుక్క అని తేలింది. గురువు బార్ట్ బాక్, తోటి విద్యార్థి గోర్డన్ న్యూకిర్క్ దాన్ని నిర్ధారించడంలో తోడ్పడ్డారు. కనుక దానికి బప్పు-బాక్-న్యూకిర్క్ తోకచుక్క అని పేరు పెట్టారు. దీనికి పసిఫిక్ ఖగోళ సంఘం వారు ఆయనకు పతకం ఇచ్చారు. తోకచుక్క కనిపించేనాటికి ఆయనకు ఇంకా 22 ఏళ్ళు నిండలేదు. మా లెక్కలో తోకచుక్క కనిపించడం కొంత అదృష్టం. ఆ మసక గీతను చూసి మచ్చ అనుకుని వదిలేయకపోవడం అదృష్టం కాదు.

1952లో డాక్టరేటు పూర్తయ్యాక కార్నెగీ ఫెలోషిప్పు మీద కాలిఫోర్నియాలోని మౌంట్ విల్సన్, పాలోమార్ వేధశాలలకు వెళ్ళారు. పాలోమార్ కొండ మీది 200 అంగుళాల టెలిస్కోపు అప్పటికి ప్రపంచంలోకెల్లా పెద్దది. అక్కడ ఓలిన్ విల్సన్ అనే శాస్త్రజ్ఞునితో కలిసి చేసిన పనే బప్పు గారి పేరును శాశ్వతం చేసింది. దాన్ని ఇక్కడ కొంచెం వివరంగానే చెబుతాం. తొమ్మిదో తరగతి తమ్ముళ్ళు విసుక్కోకుండా చదవాలి.

రాత్రివేళ కడియం నుంచి కడియపులంక వైపు పోతుంటే దారి పక్క నర్సరీల్లో లైట్లు కనిపిస్తాయి. చీకట్లో ఒక లైటు గుడ్డిగా కనిపించిందనుకోండి. అది దగ్గరలో ఉన్న జీరో బల్బో, దూరంగా ఎక్కడో ఉన్న పెద్ద ఫ్లడ్‌లైటో చూపును బట్టి చెప్పలేం. దాని వాట్లు ఎన్నో తెలిస్తే మాత్రం చెప్పేయొచ్చు. ఎందుకంటే కాంతి తగ్గడానికి ఒక లెక్క ఉంది. దూరం రెట్టింపయితే మనకు అందే వెలుగు నాలుగో వంతవుతుంది, మూడు రెట్లయితే తొమ్మిదో వంతవుతుంది. కనుక అసలు వెలుగు ఎంతో తెలిసి, మనకు అందిన వెలుగు ఎంతో కొలిస్తే దూరం దానంతటదే వచ్చేస్తుంది. ఖగోళ శాస్త్రంలో తలనొప్పి అంతా ఇక్కడే ఉంది. నక్షత్రం మీద వాట్లు రాసి ఉండవు.

నక్షత్ర కాంతిని పట్టకం గుండా పంపితే ఇంద్రధనుస్సు రంగులుగా విడిపోతుంది. దాన్నే వర్ణపటం అంటారు. ఆ రంగుల మధ్య అక్కడక్కడా నల్లటి గీతలు ఉంటాయి. ఒక్కో మూలకానికి తన గీతలు తనకు ఉంటాయి, మనుషులకు వేలిముద్రలు ఉన్నట్టు. మన గుంటూరుకు కూడా ఈ విద్యతో సంబంధం ఉంది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం వచ్చినప్పుడు జాన్సెన్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు గుంటూరులో మకాం వేసి సూర్యుని అంచును వర్ణపటంలో పరిశీలించాడు. మచిలీపట్నంలో పాగ్సన్ అనే ఆయన పరిశీలించాడు. ఆ గ్రహణం నాడు కనిపించిన పసుపు గీత వల్లనే హీలియం అనే మూలకం ఒకటి ఉందని తర్వాత తెలిసింది.

విల్సన్, బప్పు గార్లు పట్టుకున్నది కాల్షియం గీత. వర్ణపటంలో ఊదా రంగు చివర కాల్షియం వల్ల వెడల్పాటి నల్ల గీత ఒకటి ఏర్పడుతుంది. దానికి కె గీత అని పేరు. సూర్యుని వంటి నక్షత్రాల్లోనూ, అంతకన్నా చల్లని నక్షత్రాల్లోనూ ఆ నల్ల గీత నడిమధ్యలో సన్నని వెలుగు గీత ఒకటి కనిపిస్తుంది. నల్లంచు చీర మీద జరీ పోగు పోయినట్టు ఉంటుందనుకోండి. ఆ వెలుగు పోగు కొన్ని నక్షత్రాల్లో సన్నగా, కొన్నింటిలో లావుగా ఉంటుంది. వీరిద్దరూ చాలా నక్షత్రాల వర్ణపటాలు తీసుకుని ఆ పోగు వెడల్పులు కొలిచారు. అసలు వెలుగు ఎక్కువ ఉన్న నక్షత్రంలో పోగు వెడల్పుగా ఉంది. తక్కువ ఉన్న దానిలో సన్నగా ఉంది. ఒకదానికన్నా ఒకటి లక్షల రెట్లు ఎక్కువ వెలిగే నక్షత్రాలకు కూడా ఇదే లెక్క సరిపోయింది. అంటే నక్షత్రం మీద వాట్లు రాసే ఉన్నాయి! మనకు చదవడం తెలియలేదు, అంతే. 1957లో వీరు ఈ సంగతి ప్రచురించారు. అప్పటి నుంచి దీన్ని విల్సన్-బప్పు ఎఫెక్టు అంటున్నారు. తర్వాత జరిగిన పరిశోధనల్లో ఆ వెడల్పుకు ముఖ్య కారణం నక్షత్రం ఉపరితలం మీద ఉండే గురుత్వమని తేలింది. మహా పెద్దగా ఉబ్బిన నక్షత్రంలో పైపొరల మీద గురుత్వం తక్కువగా ఉంటుంది, పోగు లావవుతుంది. చూడటానికి రంగుల గీత, అందులో దాగి ఉన్నది గురుత్వం.

ఈ వ్యాసం అచ్చయ్యే నాటికి బప్పు గారు అమెరికాలో లేరు. 1953లోనే స్వదేశానికి వచ్చేశారు. ఆయన అక్కడే ఉండిపోయి ఉంటే ప్రపంచంలోని అతి పెద్ద టెలిస్కోపులు జీవితాంతం చేతిలో ఉండేవి. ఇక్కడికి వస్తే ఏముంది? స్వతంత్రం వచ్చి ఆరేళ్ళయిన దేశం. ఉన్న టెలిస్కోపులు తెల్లవారి కాలం నాటివి. మాలో కొందరు ఆయన రాకుండా ఉంటే సైన్సుకు ఎక్కువ మేలు జరిగేదని వాదించారు. కొందరు కాదన్నారు. ఆ చర్చ మా డాబా మీద రాత్రి పదింటి దాకా సాగింది. ఎవరూ నెగ్గలేదు. ఆయన వచ్చాక ఏం చేశారో రాస్తాం, చదివేవారే చూసుకోవాలి.

ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం 1954లో కాశీలో ఒక వేధశాల మొదలుపెట్టింది. అదే ఏడాది బప్పు గారు దాని బాధ్యత చేపట్టారు. కాశీలో దుమ్ము, వెలుతురు ఎక్కువ. కనుక దాన్ని నైనిటాల్ కొండల మీదకు మార్చారు. 1960లో, 33 ఏళ్ళు నిండేనాటికి, కొడైకెనాల్ వేధశాలకు డైరెక్టరయ్యారు. 1899లో కట్టిన ఆ వేధశాల సూర్యుణ్ణి పరిశీలించడంలో ప్రసిద్ధి. కాల్షియం కె గీత వెలుగులో సూర్యుని ఫొటోలు అక్కడ 1900ల తొలి ఏళ్ళ నుంచీ తీస్తున్నారు. దూరపు నక్షత్రాల్లో తాను కొలిచిన గీతనే దగ్గరి నక్షత్రమైన సూర్యునిలో వివరంగా చూసే వీలు ఆయనకు దొరికింది. శివరామన్ అనే సహచరునితో కలిసి 1971లో దాని మీద పరిశోధనా వ్యాసం రాశారు.

కానీ కొడైకెనాల్లో రాత్రులు మబ్బులు ఎక్కువ. నక్షత్రాలు చూడాలంటే వేరే చోటు కావాలి. ఆయన బృందం దక్షిణాదిలో చోట్లు వెతికి చివరకు తమిళనాడులో జవ్వాది కొండల మీద కావలూరు అనే పల్లెను ఎంచుకుంది. చిత్తూరు జిల్లా కుప్పం నుంచి చూస్తే అది పెద్ద దూరం కాదు. చుట్టూ అడవి, దగ్గరలో పట్నం దీపాలు లేవు. భూమధ్యరేఖకు దగ్గర కాబట్టి ఉత్తరపు ఆకాశంతో పాటు దక్షిణపు ఆకాశం కూడా చాలా మటుకు కనిపిస్తుంది. 1960ల చివర్లో అక్కడ మొదట పెట్టినది 38 సెంటీమీటర్ల అద్దం ఉన్న చిన్న టెలిస్కోపు. దాన్ని ఎక్కడి నుంచో కొని తేలేదు. తమ వర్కుషాపులోనే తయారు చేసుకున్నారు.

ఆయన జీవితంలో మాకు అన్నిటికన్నా నచ్చినది ఈ 38 సెంటీమీటర్ల టెలిస్కోపు. 200 అంగుళాలు, అంటే ఐదు మీటర్ల టెలిస్కోపు ఉన్న చోట పని చేసి వచ్చిన మనిషి. చేతిలో ఉన్నది అందులో పదమూడో వంతు. అయినా చిన్నతనం అనుకోలేదు. మా అమ్మానాన్నల్లో చాలామంది నర్సరీల్లో పనికి వెళ్ళేవారే. అంటు కట్టడం మాకు కొత్త కాదు. మంచి రకం కొమ్మ ఎక్కడి నుంచైనా తెచ్చుకోవచ్చు, కానీ వేరున్న మొక్క మాత్రం ఈ నేలలో ముందే నిలదొక్కుకుని ఉండాలి. లేకపోతే కొమ్మ వారంలో ఎండిపోతుంది. బప్పు గారు ఆ వేరున్న మొక్కను ముందు పెంచారు. కొమ్మ తర్వాత తెచ్చారు. 1972లో జర్మనీ నుంచి ఒక మీటరు అద్దం ఉన్న జైస్ కంపెనీ టెలిస్కోపు కావలూరు చేరింది. దాన్ని వాడటానికి మనుషులు అప్పటికే సిద్ధంగా ఉన్నారు.

ఫలితం వెంటనే కనిపించింది. 1972 జూన్ 7న గురుగ్రహపు ఉపగ్రహమైన గానిమీడ్ ఒక నక్షత్రానికి అడ్డుగా వచ్చింది. అడ్డు వచ్చినది ఒట్టి రాయి అయితే నక్షత్రం స్విచ్చి కట్టినట్టు ఆరిపోవాలి. కావలూరులో చూసినప్పుడు అలా కాకుండా వెలుగు కొంత మెల్లగా తగ్గింది. దాన్ని బట్టి గానిమీడ్ చుట్టూ పల్చటి వాతావరణం ఉందని ప్రకటించారు. తర్వాత అంతరిక్ష నౌకలు వెళ్ళి చూస్తే ఆ వాతావరణం ఇక్కడ అంచనా వేసిన దానికన్నా ఇంకా చాలా పల్చనిదని తెలిసింది. ఇది కూడా రాయడం న్యాయమని రాస్తున్నాం. 1977 మార్చి 10న యురేనస్ గ్రహం ఒక నక్షత్రాన్ని కప్పినప్పుడు, అసలు గ్రహం రాకముందే నక్షత్రం వెలుగు తగ్గడం కావలూరులో నమోదైంది. అదే రాత్రి అమెరికా వారు విమానంలో టెలిస్కోపు పెట్టుకుని వెళ్ళి యురేనస్ చుట్టూ వలయాలు ఉన్నాయని కనుగొన్నారు. కావలూరు లెక్కలు కూడా దానికి సాక్ష్యంగా నిలిచాయి. అప్పటిదాకా వలయాలు శనిగ్రహానికి మాత్రమే ఉన్నాయని చదువుకునేవారు.

ఈ మధ్యలోనే 1971లో కొడైకెనాల్, కావలూరు కేంద్రాలను కలిపి భారతీయ ఖగోళ భౌతిక సంస్థ ఏర్పడింది. తర్వాత దాని ప్రధాన కార్యాలయం బెంగుళూరుకు మారింది. బప్పు గారే డైరెక్టరు. 1970లో భట్నాగర్ అవార్డు, 1981లో పద్మభూషణ్ వచ్చాయి. 1979లో అంతర్జాతీయ ఖగోళ సంఘానికి అధ్యక్షుడిగా ఎన్నికయ్యారు. ఆ పదవి పొందిన మొదటి భారతీయుడు ఆయనే. వీటి గురించి ఎక్కువ రాయడం లేదు, అవార్డుల జాబితాలు ఎక్కడైనా దొరుకుతాయి.

ఆయన మనసంతా అప్పటికి మరో టెలిస్కోపు మీద ఉంది. 2.34 మీటర్ల అద్దంతో మన దేశంలోనే రూపకల్పన చేసి కట్టాలని ఆయన తలపెట్టారు. గాజు దిమ్మ బయటి నుంచి తెచ్చినా దాన్ని అరగదీసి అద్దంగా తీర్చే పని బెంగుళూరులోనే సాగింది. ఇనుప కట్టడం మహారాష్ట్రలోని వాల్‌చంద్‌నగర్ కర్మాగారంలో తయారైంది. పెద్ద అద్దం అరగదీయడమంటే మామూలు సంగతి కాదు. వంపులో తేడా కాంతి తరంగం పొడవులో చిన్న భాగం కూడా ఉండకూడదు. తలవెంట్రుక మందంతో పోల్చినా అది వందల రెట్లు సన్నం. ఏళ్ళ తరబడి రుద్దడం, కొలవడం, మళ్ళీ రుద్దడం. హైదరాబాదులో గాజు పలకల మీద చుక్కలు కొలిచినవారి ఓపిక లాంటిదే ఇది.

ఆ టెలిస్కోపును ఆయన చూడలేదు. 1982 ఆగస్టులో గ్రీసులోని పాట్రాస్ నగరంలో అంతర్జాతీయ ఖగోళ సంఘం మహాసభలు జరిగాయి. అధ్యక్ష స్థానంలో కూర్చోవలసిన బప్పు గారు జర్మనీలోని మ్యూనిక్‌లో ఆసుపత్రిలో ఉన్నారు. సభలు జరుగుతుండగానే, ఆగస్టు 19న అక్కడే కన్నుమూశారు. 55 ఏళ్ళు నిండి తొమ్మిది రోజులు. ఆయన సహచరులు పని ఆపలేదు. జె.సి. భట్టాచార్య గారు సంస్థ బాధ్యత తీసుకున్నారు. 1986 జనవరి 6న నాటి ప్రధాని రాజీవ్ గాంధీ కావలూరు వచ్చి ఆ టెలిస్కోపుకు, వేధశాలకు వైను బప్పు పేరు పెట్టారు. ఆనాటికి ఆసియాలోని అతి పెద్ద టెలిస్కోపుల్లో అది ఒకటి.

ఇక మొదట అనుకున్న ప్రశ్నకు వస్తాం. గురుత్వ తరంగాల దూరం ఎలా తెలిసింది?

ఐన్‌స్టీన్ 1916లోనే ఈ తరంగాలు ఉంటాయని లెక్క కట్టి చెప్పాడు. బరువైన వస్తువులు వేగంగా తిరిగితే చుట్టూ ఉన్న స్థలమే సాగి కుదించుకుంటుందని, ఆ కదలిక కాంతి వేగంతో అలలుగా వ్యాపిస్తుందని దాని సారాంశం. కాలువలో పడవ పోతే అల గట్టు దాకా వస్తుంది కదా, అలాగ. తేడా ఏమిటంటే ఇక్కడ కదిలేది నీళ్ళు కాదు, మనమూ గట్టూ కొలబద్దా అన్నీ కదులుతాయి. కదిలేది మాత్రం నమ్మలేనంత తక్కువ. లైగో అనే ఆ కేంద్రాల్లో నాలుగేసి కిలోమీటర్ల పొడవున్న రెండు గొట్టాలు మూలమట్టం ఆకారంలో ఉంటాయి. వాటిలో లేజర్ కాంతి అటూ ఇటూ తిరుగుతుంది. 2015లో వచ్చిన తరంగానికి ఆ నాలుగు కిలోమీటర్ల పొడవు మారినది ప్రోటాన్ అడ్డుకొలతలో నాలుగు వందలో వంతు దరిదాపు. కడియం స్టేషన్ మీదుగా గూడ్సు బండి వెళితే నేల అదరడం మనకు కాలికి తెలుస్తుంది. లూసియానాలోని లైగో కేంద్రానికి కూడా దగ్గర్లో వెళ్ళే రైళ్ళ అదురు పెద్ద బెడదే. ఆ అదురు ఈ తరంగం కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. అందుకే ఒకదానికొకటి మూడు వేల కిలోమీటర్ల దూరంలో రెండు కేంద్రాలు పెట్టారు. ఒకచోట రైలు పోతే రెండోచోట తెలియదు. 2015లో మాత్రం ఒకే రూపం ఉన్న కదలిక సెకనులో వెయ్యింట ఏడు వంతుల తేడాతో రెండు చోట్లా నమోదైంది.

ఆ తరంగం సెకనులో ఐదో వంతు సేపు ఉంది. మొదట మందంగా మొదలై, చివరికి మోటారు ఊపందుకున్నట్టు స్థాయి పెరుగుతూ పోయి ఆగిపోయింది. ఆ స్థాయి ఎంత త్వరగా పెరిగిందో దాన్ని బట్టి ఢీకొన్నవాటి బరువులు తెలుస్తాయి. ఒకటి సూర్యునికి 36 రెట్లు, రెండోది 29 రెట్లు. బరువులు తెలిస్తే అక్కడ ఎంత బలమైన తరంగం బయలుదేరిందో తెలుస్తుంది. ఇక్కడికి ఎంత బలహీనపడి చేరిందో యంత్రం కొలిచింది. రెండూ తెలిస్తే దూరం వచ్చేసింది. తరంగం మీద కూడా దాని వాట్లు రాసే ఉన్నాయన్నమాట. విల్సన్, బప్పు గార్లు పోగు వెడల్పులో చదివినదాన్ని ఇక్కడ స్థాయి పెరిగే వేగంలో చదివారు. వెలుగు దూరం రెట్టింపయితే నాలుగో వంతవుతుంది అన్నాం. గురుత్వ తరంగపు ఊపు మాత్రం సగమే తగ్గుతుంది. అందుకే 130 కోట్ల కాంతి సంవత్సరాల నుంచి కూడా అందింది. ఆ 130 కోట్లలో 40 శాతం దాకా అటూ ఇటూ తేడా ఉండవచ్చని వారే చెప్పారు.

2017 ఆగస్టు 17న వచ్చిన తరంగం ఇంకా విలువైనది. ఈసారి ఢీకొన్నవి కృష్ణబిలాలు కావు, రెండు న్యూట్రాన్ నక్షత్రాలు. దూరం సుమారు 13 కోట్ల కాంతి సంవత్సరాలు. తరంగం ముగిసిన 1.7 సెకన్లకు గామా కిరణాల మెరుపు కూడా అందింది. సగం రోజు లోపే దక్షిణ అమెరికాలోని టెలిస్కోపులు ఆ వెలుగును పట్టుకున్నాయి. ఆ వెలుగు వర్ణపటంలో స్ట్రాన్షియం గుర్తులను 2019లో శాస్త్రజ్ఞులు గుర్తించారు. బంగారం, ప్లాటినం వంటి బరువైన మూలకాలు పుట్టే చోట్లలో ఇటువంటి ఢీకొనడం ఒకటని దానితో రూఢి అయింది. మళ్ళీ అదే విద్య, వర్ణపటంలో గీతలు చదవడం. తరంగం దూరం చెప్పింది, గెలాక్సీ వెలుగు దాని వేగం చెప్పింది. ఈ రెండిటితో విశ్వం ఎంత వేగంగా వ్యాకోచిస్తోందో కొత్త దారిలో లెక్క కట్టారు. 32.6 లక్షల కాంతి సంవత్సరాల దూరానికి సెకనుకు సుమారు 70 కిలోమీటర్లు అని వచ్చింది.

ఇలా తరంగం వచ్చిందని కబురు అందగానే ఆకాశంలో వెలుగు కోసం వెతికే టెలిస్కోపు మన దేశంలోనూ ఒకటి 2018లో మొదలైంది. లడఖ్‌లోని హన్లే అనే చోట, సముద్రమట్టానికి నాలుగున్నర వేల మీటర్ల ఎత్తున, 70 సెంటీమీటర్ల అద్దంతో అది పనిచేస్తుంది. దాన్ని నెలకొల్పినది బొంబాయి ఐ.ఐ.టి., బప్పు గారు పెంచిన భారతీయ ఖగోళ భౌతిక సంస్థ. ఆయన తొలి కావలూరు టెలిస్కోపుకు ఇది రెండింతలైనా లేదు.

లైగో వంటి మూడో కేంద్రం మన దేశంలో కట్టడానికి 2023 ఏప్రిల్‌లో కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. ఖర్చు సుమారు 2,600 కోట్ల రూపాయలు. అమెరికా నుంచి ఇంత దూరంలో ఇంకొకటి ఉంటే తరంగం ఏ దిక్కు నుంచి వచ్చిందో బాగా తేలుతుంది. దీనికి ఎంచుకున్న చోటు మహారాష్ట్రలోని హింగోలి జిల్లా, నాందేడ్‌కు అవతల. హింగోలి అప్పట్లో పర్భణీ జిల్లాలో ఉండేది. బప్పు గారు స్కాలర్‌షిప్పు తీసుకుని ఓడ ఎక్కిన రోజుల్లో ఆ పర్భణీ జిల్లా కూడా హైదరాబాదు రాష్ట్రంలోదే.